డాక్టరుగారు లోపలికొచ్చే ముందు ఆ పావుగంట

కిందటి నెల చదువులు-కొలువులు పేజీలో ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) కోర్సు గురించి నాలుగు లైన్లు వేశాం. దానికి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చాలా వచ్చాయి, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. విశాఖలో ఒక ఆసుపత్రి గ్యాస్ట్రో (పొట్ట, పేగు, లివర్) విభాగంలో 11 ఏళ్ళుగా ఫిజీషియన్ అసిస్టెంట్‌గా చేస్తున్న ఒకావిడ జవాబులు రాశారు. పేషెంట్లు ఎవరో తెలియకుండా వివరాలు కాస్త మార్చారు.

గాజువాక నుంచి ఒక అమ్మాయి: ఇంటర్ బైపీసీ అయ్యింది. నీట్ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. మా పిన్ని పీఏ కోర్సులో చేరమంటోంది. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేస్తారు, ఆయనేమో "అంటే కాంపౌండరేగా, దానికి నాలుగేళ్ళు ఎందుకు" అంటున్నారు. ఏం చెప్పాలో నాకూ తెలీట్లేదు. అసలు ఈ పని ఏంటండీ?

చెల్లీ, ముందు నాన్నగారి మీద కోపం పెట్టుకోకు. నేను చేరినప్పుడు మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న. పేరు వింటే ఎవరికీ అర్థం కాదు, పని చూస్తే అర్థమవుతుంది.

కాంపౌండరు కాదు, డాక్టరూ కాదు. ఈ రెండో మాట కూడా మొదటి మాటంత గట్టిగానే చెప్పాలి, ఎందుకో చివరి ఉత్తరంలో రాశాను చూడు. డాక్టరుగారి పర్యవేక్షణలో పనిచేస్తాం. పేషెంట్‌తో మాట్లాడి హిస్టరీ తీసుకోవడం, బీపీ దగ్గర్నుంచి పొట్ట నొక్కి చూడటం దాకా పరీక్ష చెయ్యడం, పాత రిపోర్టులన్నీ తేదీల ప్రకారం సర్ది ఏది మారిందో డాక్టరుగారి ముందు పెట్టడం, ఆయన చెప్పిన ప్లాన్ ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో మళ్ళీ చెప్పడం, డిశ్చార్జ్ సమ్మరీ తయారుచెయ్యడం, ఇంటికెళ్ళాక ఫోన్ చెయ్యడం. మందు రాసేది, జబ్బు ఇదీ అని తేల్చేది డాక్టరే.

ఈ వృత్తి 1965లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదలుపెట్టారు. అప్పుడు డాక్టర్లు చాలట్లేదు, ఇంకోపక్క నేవీలో గాయపడినవాళ్ళకి వైద్యం చేసి బయటకొచ్చినవాళ్ళు పనిలేక ఉన్నారు, వాళ్ళలోంచి నలుగురిని తీసుకున్నారు, 1967లో ముగ్గురు పాసయ్యి బయటకొచ్చారు. మన దేశంలో అయితే 1992లో చెన్నైలో మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్ కె.ఎం. చెరియన్ గారి చొరవతో వచ్చింది, అందుకే మన దగ్గర పీఏ అనగానే ఇప్పటికీ చాలామందికి గుండె ఆపరేషన్ థియేటరే గుర్తొస్తుంది. పొట్ట, పేగు, లివర్ వైపు కూడా మేమున్నామని తెలిసినవాళ్ళు తక్కువ.

నాన్నగారికి చెప్పడానికి ఒక కేసు రాస్తాను. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనిచేసే ఒకాయన, యాభై దాటినాయన, నీరసం అని వచ్చారు. హిమోగ్లోబిన్ 7 మాత్రమే ఉంది. "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే "ఏటీ లేదమ్మా" అన్నారు. అందరూ అలాగే అంటారు, డాక్టర్ చీటీ మీద రాసిస్తేనే అది మందు, షాపులో అడిగి కొనుక్కున్నది మందు కాదు, మన వాళ్ళ లెక్క అది. అప్పుడు నేను వల లాగే సంగతి అడిగాను, ఎన్నింటికి వెళ్తారు, ఎన్ని రోజులుంటారు, మరి నడుం పట్టెయ్యదా అని. అప్పుడు చొక్కా జేబులోంచి ఒక మాత్రల రేకు తీశారు, పదింటిలో మూడు మిగిలాయి, ఉప్పునీటి తడికి రేకు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, నొప్పి బిళ్ళలవి, రోజుకి రెండు చొప్పున ఏడాదిగా వేసుకుంటున్నారు. విరేచనం ఏ రంగులో అవుతోందంటే కాసేపు మొహమాటపడి, నెల నుంచి తారులా నల్లగా అవుతోందన్నారు. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే (అదే ఎండోస్కోపీ) జీర్ణాశయంలో పుండు, అందులోంచి రక్తం. పుండుకి వైద్యం చేసింది డాక్టరుగారే. కానీ ఓపీలో ఆ రోజు బయట అరవైమంది కూర్చునున్నారు, ఆయనకి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరకడం కష్టం, ఆ రేకు జేబులోంచి బయటికి రావడానికి పావుగంట కబుర్లు పట్టింది. ఆ పావుగంటే నా ఉద్యోగం అని చెప్పు నాన్నగారికి.

ఇంకోటి కూడా చెప్తాను. నీట్ పోయింది కాబట్టి ఇది అనుకుని మాత్రం చేరకు. అలా చేరినవాళ్ళు మూడో ఏడాదికే డాక్టర్‌ని చూసి కుమిలిపోవడం నేను చూశాను, వాళ్ళకీ బాధే, పేషెంట్లకీ బాధే. ఒక పూట కేజీహెచ్ ఓపీ బ్లాక్ దగ్గరికెళ్ళి ఊరికే కూర్చో, 1923 నుంచి ఉన్న ఆసుపత్రి అది, పాడేరు నుంచి ఇచ్ఛాపురం దాకా అక్కడికే వస్తారు. చీటీ పట్టుకుని ఎటెళ్ళాలో తెలీక నిలబడిన ముసలమ్మని చూసి నీకు లేచి వెళ్ళి మాట్లాడాలనిపిస్తే ఈ పని నీకు నచ్చుతుంది.

గోపాలపట్నం నుంచి ఒక తండ్రి: మా వాడిని ఈ కోర్సులో చేర్చాలనుకుంటున్నాం. ఏ కాలేజీ వాళ్ళు ఫోన్ చేసినా మాదే బెస్ట్ అంటున్నారు. ఏం చూసుకోవాలి? దీనికి గవర్నమెంటు గుర్తింపు ఉందా?

ఉందండీ. 2021లో పార్లమెంటు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది, అందులో ఫిజీషియన్ అసోసియేట్ అనే పేరుతో మా వృత్తి కూడా ఉంది. అంతకుముందు మమ్మల్ని ఏ లెక్కలో వెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు, ఆ చట్టం వచ్చిన రోజు మా బ్యాచ్ గ్రూపులో స్వీట్ల ఫోటోలు పెట్టుకున్నాం. కౌన్సిళ్ళు, రిజిస్ట్రేషన్లు అన్నీ ఒక్కసారే అయిపోలేదు, అందుకని కాలేజీ వాళ్ళని నేరుగా అడగండి, డిగ్రీ ఇచ్చేది ఏ యూనివర్సిటీ, మా వాడికి రిజిస్ట్రేషన్ ఎలా వస్తుంది అని, కాగితం మీద చూపించమనండి. మూడేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఇన్నాళ్ళూ మామూలుగా ఉన్న పద్ధతి.

భవనం, ఏసీ క్లాసురూములు చూడకండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ఎన్ని పడకలు, రోజుకి ఓపీ ఎంత, ఎండోస్కోపీ యూనిట్, ఐసీయూ, ఎమర్జెన్సీ అన్నీ తిప్పుతారా లేక ఒకే కౌంటర్ దగ్గర ఏడాదంతా కూర్చోబెడతారా, ఇది అడగండి. అన్నిటికంటే ముఖ్యం, గేటు బయట టీ కొట్టు దగ్గర నాలుగో సంవత్సరం పిల్లలు దొరుకుతారు, వాళ్ళతో పది నిమిషాలు మాట్లాడండి సార్. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, అప్పు చేసి లక్షలు పోసి చేర్పిస్తే అది తీరడానికి చాలా ఏళ్ళు పడుతుంది, ఇది దాచకుండా చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

మద్దిలపాలెం నుంచి ఒక ఎండోస్కోపీ టెక్నీషియన్: నేను ఆరేళ్ళుగా స్కోప్‌లు కడగడం, బయాప్సీకి సాయం చెయ్యడం చేస్తున్నా. పీఏకీ నాకూ తేడా ఏంటి? నేను పీఏ అవ్వొచ్చా?

తమ్ముడూ, నీ పని లేకపోతే మా గదిలో ఒక్క కేసు కూడా నడవదు, స్కోప్ శుభ్రం చెయ్యడంలో ఒక్క స్టెప్ తప్పినా ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటుతుంది, ఆ బాధ్యత చిన్నది కాదు. తేడా అంటే నువ్వు మెషీన్ వైపు, నేను మనిషి వైపు. అనుభవం ఉంది కదా అని నేరుగా పీఏ అయిపోవడం కుదరదు, డిగ్రీ చెయ్యాల్సిందే. ఇంటర్‌లో బైపీసీ ఉంటే అడ్మిషన్ గురించి కనుక్కో. నీ ఆరేళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు, క్లాసులో పాలిప్ (పేగు లోపల మొలిచే చిన్న కండ) అంటే మిగతావాళ్ళు బొమ్మ చూస్తారు, నువ్వు దాన్ని కోసే తీగ ఉచ్చు, అదే స్నేర్, పట్టుకున్న రోజు గుర్తు తెచ్చుకుంటావు.

పీఏ మూడో సంవత్సరం స్టూడెంట్, హనుమంతవాక: ఇంటర్న్‌షిప్‌లో ఫ్రెండ్సందరూ కార్డియాక్ అంటున్నారు. గ్యాస్ట్రోలో ఏముంది, గ్యాస్ బిళ్ళలు, ఎనీమాలే కదా అంటున్నారు. నాకేమో జబ్బు రాకుండా చూసే వైపు ఇష్టం. ఏం చెయ్యమంటారు?

గ్యాస్ట్రోకి రా అమ్మా. జబ్బు రాకుండా ఆపడం అన్నది ఇంత కళ్ళెదురుగా కనిపించే విభాగం ఇంకోటి ఉందేమో కానీ నాకైతే తెలీదు.

పెద్దపేగు క్యాన్సర్ తీసుకో. చాలావరకు చిన్న పాలిప్‌గా మొదలవుతుంది, అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళ పైనే పడుతుంది, ఆ పదేళ్ళలో ఎప్పుడు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి స్కోప్ వేసి చూడటం) చేసినా డాక్టరుగారు స్నేర్ వేసి తీసేస్తారు, అంతే, ఆ క్యాన్సర్ ఇక పుట్టదు. మానిటర్ మీద ఆ పాలిప్ తెగి వచ్చినప్పుడు చూడు ఒకసారి, నాకు 11 ఏళ్ళయినా ఇప్పటికీ ఊపిరి ఆగుతుంది. ఈ ఎండోస్కోపీ విద్యలో దేశానికి పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు మన విశాఖలోనే పుట్టారు, 2025లో పద్మవిభూషణ్ వచ్చింది.

కానీ ఆ స్కోప్ దాకా రావాలంటే ముందు పేగు శుభ్రంగా ఉండాలి, అది మన పని. ఒకసారి నర్సీపట్నం వైపు నుంచి ఒక పెద్దాయన, కూతురు కూలి మానుకుని తోడొచ్చింది, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు. లోపల చూస్తే ఏమీ కనపడలేదు, అంతా మురికి, కేసు ఆపేశారు. ఏం తాగారు తాతా అంటే "మీరు నీళ్ళలాంటివే తాగమన్నారు కదమ్మా, మజ్జిగ తాగాను, తరవాణి తాగాను" అన్నారు. తప్పు ఆయనది కాదు. "క్లియర్ లిక్విడ్స్" అని అచ్చేసిన కాగితం చేతిలో పెట్టి పంపించింది మేము. ఆ కూతురు బస్టాండ్‌కి ఆటో డబ్బులు లెక్కపెట్టుకుంటుంటే నాకు తల తిరిగిపోయింది. ఆ రాత్రే కూర్చుని కొత్త కాగితం రాశాను, డాక్టరుగారికి చూపించి ఒప్పించాను. గాజు గ్లాసులో పోసి పేపరు మీద పెట్టండి, గ్లాసులోంచి అక్షరాలు చదవగలిగితే తాగొచ్చు, లేకపోతే వద్దు. కొబ్బరినీళ్ళు, పాలు లేని టీ, ఓఆర్ఎస్ నీళ్ళు సరే. మజ్జిగ, పాలు, గంజి, తరవాణి వద్దు. ఎర్ర రంగు డ్రింకులు వద్దు, లోపల చూస్తే రక్తంలా కనపడతాయి. ముందు రెండు రోజులు ఆకుకూరలు, గింజలు, చోడి (రాగి) అంబలి ఆపండి. ఐరన్ బిళ్ళలు, షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. బొమ్మలు మా అబ్బాయి వేశాడు. ఆ తర్వాత తిరిగి పంపించిన కేసులు చాలా తగ్గాయి.

ఇక ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకోవడం. విశాఖలో కంపెనీ హెల్త్ చెకప్‌లు ఎక్కువ, పరవాడ ఫార్మా వైపు నుంచి, పోర్టు నుంచి, ఐటీ వాళ్ళు, రోజూ ఎవరో ఒకరు స్కానింగ్ రిపోర్టు పట్టుకొస్తారు గ్రేడ్ 1 అనో 2 అనో. "నేను మందే ముట్టను మేడం, నాకు లివరేంటి" అంటారు. ఒక కంపెనీ బస్సు డ్రైవరు, 34 ఏళ్ళు, 82 కిలోలు. అన్నం మానెయ్యమని పక్కింటాయన చెప్పాడట, మానేసి రెండు వారాలకే మళ్ళీ మొదలెట్టాడు. నేను అన్నం జోలికే పోలేదు, రోజుకి ఎన్ని టీలు అని అడిగాను. ఆరు. ఒక్కోదాంట్లో చక్కెర రెండు స్పూన్లు. షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి 11, అప్పుడు భోజనం, వెంటనే పడక. రెండు టీలకి తగ్గించి, చక్కెర అరస్పూను చేసి, సాయంత్రం ట్రిప్పుకి ముందే ఇంటి నుంచి తెచ్చుకున్న చోడి రొట్టె తినేసి, రాత్రికి మజ్జిగతో సరిపెట్టుకోమన్నాను, వారంలో ఐదు రోజులు బస్సు పెట్టే చోటు నుంచి ఇంటికి నడక. ఒంటి బరువులో 3 నుంచి 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం బాగా ఉంటుంది, కాబట్టి ఆయనకి చెప్పిన లెక్క ఆరు కిలోలు. "ఆరేనా" అన్నాడు. ఎనిమిది నెలలకి ఐదు తగ్గాడు, లివర్ దెబ్బతింటే పెరిగే ఏఎల్టీ రక్తపరీక్ష నార్మల్‌కి వచ్చింది. మన వాళ్ళకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 దాటితేనే జాగ్రత్త పడాలి, నడుం కొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు, టేపు ఎప్పుడూ జేబులో పెట్టుకో, స్కానింగ్ కంటే ముందే చెప్పేస్తుంది అది. వయసు, ఏఎస్టీ, ఏఎల్టీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగిటితో ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, 1.3 కంటే తక్కువొస్తే లివర్ గట్టిపడి ఉండే అవకాశం తక్కువ, ఎక్కువొస్తే ఫైబ్రోస్కాన్‌కి (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) పంపాలా అని డాక్టరుగారు చూస్తారు. ఫోన్లోనే చేసెయ్యొచ్చు, కానీ చెయ్యాలని గుర్తుండాలి కదా, అక్కడే నీ అవసరం.

హెపటైటిస్ బి ఒకరికి పాజిటివ్ వస్తే ఆ మనిషితో ఆగిపోకు. ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకో, భార్య లేదా భర్త, పిల్లలు, అమ్మ, తోబుట్టువులు, అందరికీ పరీక్ష, లేనివాళ్ళకి టీకా. ఇంట్లో గర్భిణి ఉంటే అది ఇంకా ముఖ్యం, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం, ఇది తెలీక ప్రైవేటులో కొంటూ మధ్యలో ఆపేసినవాళ్ళని చూశాను.

పుండ్ల విషయంలో హెచ్ పైలోరీ అనే సూక్ష్మజీవి కథ నీకు క్లాసులో చెప్పే ఉంటారు, బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ 1984లో ఆ బ్యాక్టీరియాని తానే తాగి చూపించాడు, రాబిన్ వారెన్‌తో కలిపి 2005లో నోబెల్ వచ్చింది. అంత చేసి కనిపెట్టిన వైద్యం మన దగ్గర ఎక్కడ ఆగిపోతోందో తెలుసా, ఐదో రోజు నోరు చేదెక్కిందని బిళ్ళలు ఆపేస్తారు. 14 రోజులూ మింగాలి. అందుకే ఐదో రోజు నేను ఫోన్ చేస్తాను. "చేదుగా ఉందా? ఉంటుంది, మీరు చేసే తప్పేం లేదు, ఇంకో తొమ్మిది రోజులే" అని చెప్తే చాలామంది పూర్తి చేస్తారు.

కామెర్లకి పసరు మందు సంగతి కూడా నీకు ఎదురవుతుంది. తిట్టకు. తిడితే వచ్చేసారి చెప్పరు. కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా దురద, విరేచనం తెల్లగా సున్నంలా అవుతోందంటే పిత్తం దారికి ఏదో అడ్డుపడిందని, రాయి కావచ్చు, గడ్డ కావచ్చు, పసరు తాగుతూ కూర్చుంటే ఆ రోజులు మళ్ళీ రావు. అది మాత్రం నెమ్మదిగా, గట్టిగా చెప్పు.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. ఎండోస్కోపీకి ముందు కట్టుడు పళ్ళు తియ్యమంటాం కదా, అప్పుడు టార్చ్ వేసి నోరు మొత్తం చూడు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని, ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. గ్యాస్ అని వచ్చిన ఒకమ్మకి అంగిలి మీద పుండు కనపడింది. "అది ఎప్పట్నుంచో ఉందమ్మా, నొప్పి లేదు" అంది. నొప్పి లేదంటే ఏమీ లేదని కాదు కదా. డాక్టరుగారు చూసి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రాసిచ్చారు, తొందరగానే పట్టుకున్నారు. పొట్ట కోసం వచ్చిన మనిషి నోరు చూడమని ఏ ఫారంలోనూ ఉండదు.

ఎంవీపీ కాలనీ నుంచి ఒకాయన: నాకు 44. నాన్నగారు 52 ఏళ్ళకి పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. నాకు ఏ ఇబ్బందీ లేదు. అయినా టెస్ట్ చేయించుకోవాలా? మీలాంటివాళ్ళే చేస్తారా?

నాన్నగారి సంగతికి బాధగా ఉందండీ. చేయించుకోవాలి, వాయిదా వెయ్యకండి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చి ఉంటే 40 ఏళ్ళకి, లేదా వాళ్ళకి బయటపడిన వయసు కంటే పదేళ్ళు ముందు, ఏది ముందొస్తే అప్పుడు మొదలుపెట్టమంటారు. నాన్నగారికి బయటపడింది 50 దాటాకే అయితే మీ లెక్క 40, అంటే ఇప్పటికే నాలుగేళ్ళు ఆలస్యం. ఏ ఇబ్బందీ లేనప్పుడే చేయించుకునే పరీక్ష ఇది, ఇబ్బంది వచ్చాక చేస్తే దాన్ని స్క్రీనింగ్ అనరు.

కొలనోస్కోపీ చేసేది గ్యాస్ట్రో డాక్టరుగారు. నాలాంటివాళ్ళు ముందు మీతో కూర్చుని మందులు, అలర్జీలు, పేగు శుభ్రం చేసే పద్ధతి మాట్లాడతాం, అయ్యాక రిపోర్టు వివరిస్తాం, మళ్ళీ ఎప్పుడు రావాలో గుర్తుచేస్తాం. అమెరికాలో మామూలు రిస్క్ ఉన్నవాళ్ళకి కూడా 2021 నుంచి 45కే మొదలుపెట్టమంటున్నారు. మన దగ్గర ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లు ఉన్నాయి, పెద్దపేగు లేదు, కాబట్టి మిమ్మల్ని పిలిచేవాళ్ళు ఉండరు, మీరే వెళ్ళాలి. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. విరేచనంలో రక్తం పడితే మొలలే అనుకుని రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఆడవాళ్ళని నేను చూశాను, మీ అక్కకో చెల్లికో అలాంటిదేమైనా ఉంటే అడగడానికి సిగ్గుపడకండి సార్.

సీతమ్మధార నుంచి ఒక పీఏ స్టూడెంట్: మా కజిన్ అమెరికాలో పీఏ, చాలా బాగుంది అంటోంది. ఇక్కడి డిగ్రీతో వెళ్ళొచ్చా?

నేరుగా కుదరదమ్మా. అక్కడ పని చెయ్యాలంటే ప్యాన్స్ అనే పరీక్ష పాసవ్వాలి, అది రాయాలంటే అక్కడి ఆర్క్-పీఏ గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో చదివి ఉండాలి, సుమారు 27 నెలల మాస్టర్స్ అది, చాలా కాలేజీలు చేరకముందే పేషెంట్లతో పనిచేసిన అనుభవం గంటల లెక్కన అడుగుతాయి. అక్కడ పీఏ మందులు రాస్తారు, ఇక్కడ మనం రాయం, పేరు ఒకటే అయినా అధికారం వేరు. ఏజెంట్ ఎవరైనా మీ బీఎస్సీతో డైరెక్ట్‌గా పంపిస్తాం అంటే డబ్బు కట్టకు.

విజయనగరం నుంచి, మూడేళ్ళుగా పీఏగా చేస్తున్న ఒకరు: పేషెంట్లు నన్ను డాక్టరుగారూ అంటారు. మా దగ్గర మేనేజ్‌మెంట్ "అననివ్వు, సరిచెయ్యకు, నమ్మకం పోతుంది" అంటారు. నాకు తప్పనిపిస్తోంది. పైగా వారానికి ఆరు రోజులు, అలిసిపోయాను. ఇందులో ఎదుగుదల ఉందా?

మీకు తప్పనిపించడం మంచిదండీ, ఆ అనిపించడాన్ని పోనివ్వకండి.

నా మొదటి ఉద్యోగం ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో, పేరు వద్దు. డాక్టరుగారు లేని పూట సంతకం పెట్టిన ఖాళీ చీటీలు నా టేబుల్ సొరుగులో ఉండేవి, చిన్నాచితకా కేసులు నువ్వే చూసెయ్ అనేవారు. నాకు అప్పుడు 22, చూసేదాన్ని కూడా, రెండు వారాలు. ఒక సాయంత్రం ఒకావిడ వచ్చింది, భుజానికి ఉల్లిపాయల సంచి తగిలించుకునే ఉంది, "రొమ్ము కింద పట్టేసినట్టుందమ్మా, గ్యాసేమో, బిళ్ళ ఇచ్చీ, పోతాను" అంది. చీటీ తీశాను, పెన్ను కూడా తీశాను. మనిషి నుదురు చూస్తే చెమట, చేతులు చల్లగా ఉన్నాయి. ఎందుకో చెయ్యి ఆగిపోయింది. ఈసీజీ తీయించి డాక్టరుగారికి ఫోన్ చేశాను, గుండెపోటు. 108లో పెద్దాసుపత్రికి పంపాం, బతికింది. నేను రాయబోయింది గ్యాస్ బిళ్ళ. ఆ నెలాఖరుకే అక్కడ మానేశాను. పై పొట్టలో నొప్పి ప్రతిదీ పొట్టది కాదని పుస్తకంలో చదివాను, చదివింది వేరు, ఆ చల్లటి చేతులు వేరు.

అందుకే ప్రతిసారీ చెప్తాను, విసుగు లేకుండా: "నేను డాక్టర్ని కాదమ్మా, డాక్టరుగారి దగ్గర పనిచేసే పీఏని. మీరు చెప్పిందంతా రాసి ఆయనకి చూపిస్తాను, ఆయనొచ్చి మిమ్మల్ని చూస్తారు." వాళ్ళు మళ్ళీ డాక్టరమ్మా అనే అంటారు, పర్లేదు, మీరు చెప్పారు, అది ముఖ్యం. దీనివల్ల నమ్మకం పోయిన పేషెంట్ నాకు ఒక్కరు కూడా తగల్లేదు. ఇంగ్లండ్‌లో ఇదే గొడవ పెద్దదై, 2025లో అక్కడి ప్రభుత్వం చేయించిన లెంగ్ రివ్యూ అనే సమీక్ష, ఫిజీషియన్ అసోసియేట్‌లో అసోసియేట్ అన్న మాట తీసేసి మళ్ళీ అసిస్టెంట్ అనే పెట్టమని, జబ్బేంటో ఇంకా తేలని కొత్త పేషెంట్లని పీఏలు తమంతట తాము చూడొద్దని చెప్పింది. మీ మేనేజ్‌మెంట్‌కి ఈ మాట చెప్పండి. అయినా ఒప్పుకోకపోతే, ఖాళీ చీటీల దాకా వెళ్ళకముందే వేరే చోటు చూసుకోండి, అలాంటి చోట ఏదైనా జరిగితే నిలబడేది మీరొక్కరే.

ఎదుగుదల అంటే హోదా పరంగా మెట్లు ఎక్కువ లేవు, ఉన్నాయని అబద్ధం చెప్పలేను. సీనియర్ పీఏ అవుతారు, పిల్లలకి పాఠం చెప్తారు, కొందరు పబ్లిక్ హెల్త్ చదివి అటు వెళ్తారు. నాకు మాత్రం ఎదుగుదల ఫాలోఅప్‌లో దొరికింది. మీ అలసట సగం ఎందుకో నాకు తెలుసు, రోజుకి నలభైమందిని చూస్తాం, ఎవరు బాగయ్యారో మనకి తెలీదు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతారు.

మీ దగ్గర ఫోన్ రిజిస్టర్ ఉందా? లేకపోతే రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. తేదీ, కేస్ షీట్ నంబరు, ఏం చెప్పి పంపించాం, మళ్ళీ ఎప్పుడు ఫోన్ చెయ్యాలి, ఏమన్నారు, ఐదు గళ్ళు గీసుకోండి. డాక్టరుగారికి చెప్పి, పేషెంట్‌ని అడిగి, బుక్ ఆసుపత్రిలోనే తాళం వేసి పెట్టండి. రోజుకి ఐదుగురికి చెయ్యండి చాలు, మధ్యాహ్నం భోజనమయ్యాక. మొదట హెచ్ పైలోరీ కోర్సు వాళ్ళతో మొదలుపెట్టండి, ఐదో రోజు. మూడు నెలలయ్యాక ఆ నోట్‌బుక్‌లో ఏముందో నాకు రాయండి.